సిరిసిల్లకు బట్టల మూట

సిరిసిల్లకు బట్టలు పంచడానికి పోయినవాణ్ణి నేను. ఇది చదివి నవ్వు రాలేదంటే మీకు సిరిసిల్ల తెలియదని అర్థం. మానేరు ఒడ్డున, వేములవాడ రాజన్నకు పొరుగున ఉన్న ఆ ఊరు బతికేదే గుడ్డ నేసి. మంచి రోజుల్లో 30 వేల పైచిలుకు మరమగ్గాలు ఆడిన చోటు. మేం వాటిని సాంచాలు అంటాం. లంగాల కాటన్, పాలిస్టర్ గుడ్డ, సర్కారు బడి పిల్లల యూనిఫాం బట్ట అక్కడ కిలోమీటర్ల లెక్కన తయారవుతాయి. కమ్మరి వీధిలో సూదులమ్మబోయినవాడి సామెత మనకుంది. వాడు కనీసం అమ్మబోయాడు. నేను పుణ్యానికి ఇవ్వబోయాను.

ఊరు తెలియక చేసిన పని అనుకుంటే కొంత పరువు దక్కేది. కానీ నేను పుట్టింది అక్కడే. మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. బడికి పోయేముందు కండెలు చుట్టి ఇవ్వడం నా పని. మగ్గం మీద బతుకు ఎల్లక మా నాయన చాలామంది లాగే భివండీ పోయి అక్కడి మరమగ్గాల మీద కూలి చేశాడు. ఆయన పంపిన మనియార్డర్ల మీద నేను చదువుకున్నాను. 1984లో భివండీలో అల్లర్లయ్యాక తిరిగొచ్చి నాలుగు పాత సాంచాలు కొన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చేసింది, డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పడం. కూలి ఎట్లా నిర్ణయమవుతుందో, సరుకు ధరలో ఎవరి వాటా ఎంతో బ్లాక్‌బోర్డు మీద గీతలు గీసి చెప్తూ రిటైరయ్యాను. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో మళ్ళీ అవే గీతలు గీసి పాసయ్యేవారు. మా నాయన కూలికి, ఆ గీతలకు ఏమన్నా చుట్టరికం ఉందేమోనని నాకెన్నడూ తోచలేదు.

2024 మొదటి నెలల మాట. సిరిసిల్ల గురించి పేపర్లలో రోజూ ఏదో ఒకటి వచ్చేది. అంతకుముందు కొన్నేళ్ళు ఊరికి ఊపిరి పోసింది సర్కారు ఆడవాళ్ళకు పంచిన బతుకమ్మ చీరల ఆర్డరు. 2017లో మొదలైంది. ఏటా కోటి దాకా చీరలు, 300 కోట్ల రూపాయలకు అటూఇటూ పని. మొదటి ఏడు గడువు చాలక పెద్ద భాగం సూరత్ నుంచి తెప్పించారు. నచ్చని ఆడవాళ్ళు కొన్నిచోట్ల వాటిని రోడ్డు మీద వేసి తగలబెట్టారు కూడా. తర్వాత ఏళ్ళలో పని సిరిసిల్లకే వచ్చింది. సాంచాలకు డాబీలు బిగించుకున్నారు, అంచుల్లో జరీ నేర్చుకున్నారు, ముసలమ్మల కోసం 9 గజాల చీరలు కూడా నేశారు. ఎనిమిది, పది వేలు దాటని నెల కూలి పదహారు వేల పైకి పోయిందని చెప్పుకునేవారు. ప్రభుత్వం మారాక ఆ ఆర్డరు ఆగింది. చేసిన పనికి రావలసిన పాత బిల్లులు నెలల తరబడి కదల్లేదు. సాంచాలు బందయ్యాయి. అప్పులవాళ్ళకు ముఖం చూపలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

పొద్దున్నే ఇడ్లీ తింటూ ఈ వార్తలు చదివి చలించిపోయాను. చలించిపోవడం నాకు బాగా వచ్చు. మా కాలనీ సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్ద సందేశం రాసి పెట్టాను. ‘మన నేతన్నను ఆదుకుందాం’ అని. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. డబ్బులు కొన్ని పోగయ్యాయి, వాటితో బియ్యం బస్తాలు కొన్నాం. పోగవడమంటే బట్టలు పోగయ్యాయి చూడండి, మా కింది పార్కింగులో రెండు కార్లు పట్టే చోటు నిండిపోయింది. జనానికి పైసలివ్వడం కన్నా బీరువా ఖాళీ చేసుకోవడం ఇష్టమని ఆ రోజు నాకు తెలియలేదు. మా కాలనీది గొప్ప మనసనుకున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ మూటలు కట్టడానికి సాయం పట్టింది. కడుతూ కడుతూ ఆగి, “సారూ, సిరిసిల్లోళ్ళే గదా బట్టలు నేసేది?” అంది.

నేను కుర్చీలో వెనక్కి వాలి, నేసేవాడికి తను నేసింది తొడుక్కునే స్తోమత ఉండదని, ఉత్పత్తిదారుడు తన ఉత్పత్తికి పరాయివాడవుతాడని, దీన్ని ఒక జర్మన్ మహానుభావుడు ఎంతో వివరంగా రాశాడని చెప్పాను. ఆమె సగం విని గిన్నెల దగ్గరికి పోయింది. ఆ మొత్తం వ్యవహారంలో అర్థశాస్త్రం తెలిసిన మనిషి ఒకరే మాట్లాడారు. అది నేను కాదు.

సిరిసిల్లలో నాకు మేనత్త కొడుకు ఉన్నాడు, చిన్నోడు కాబట్టి బామ్మర్ది. బీవై నగర్‌లో రేకుల షెడ్డు, అందులో ఎనిమిది సాంచాలు. వ్యాను నేరుగా అక్కడికే పట్టించాను. దించుతూ ఉంటే ఒక మూట ముడి ఊడి చీరలు బయటపడ్డాయి. మడత విప్పనివి, స్టిక్కరు పోనివి. బామ్మర్ది ఒకదాన్ని అందుకుని అంచు మీద బొటనవేలు పెట్టి రాశాడు. వెలుగులోకి పట్టుకుని చూశాడు.

“బావా, గిది బతుకమ్మ చీరనే గదా?”

అవును మరి. కార్లున్న ఇళ్ళల్లో తెల్ల రేషన్ కార్డులు ఉండటం హైదరాబాద్‌లో వింతేమీ కాదు. కార్డు మీద వచ్చిన చీరను కట్టుకోలేక, పారెయ్యలేక అటక మీద పెట్టుకున్న ఇల్లాళ్ళందరికీ నా సందేశం మంచి దారి చూపించింది. అట్లా సిరిసిల్లలో నేసిన చీరలు సర్కారు చేతుల మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడ ఎవరి ఒంటి మీదికీ ఎక్కకుండా, దానం పేరుతో మళ్ళీ సిరిసిల్లలో దిగాయి. వ్యాను కిరాయి నేనే పెట్టుకున్నాను.

బామ్మర్దికి కోపం రాలేదు. వస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పెండ్లాన్ని పిలిచి చూపించాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ విప్పి ఇది ఏ ఏడు మాల్, ఇది ఎవరి షెడ్డుల నడిచి ఉంటది అని ముచ్చట పెట్టుకున్నారు. ఒక చీరలో అడ్డంగా సన్నటి పట్టీ కనబడింది. నాకు అది రంగు తేడా అనిపించింది. “గిది చూసినవా, గిక్కడ కరెంటు పోయింది” అన్నాడు. సాంచా ఆగి మళ్ళీ ఎత్తుకున్నప్పుడు పేక పోగులు ఒకచోట చిక్కగానో పలచగానో పడతాయట, అది గుడ్డలో ఉండిపోతుందట. కరెంటు పోతే కార్మికుడు బయటికి పోయి చాయ్ తాగొస్తాడు. ఎవరో ఒకరు చాయ్ తాగిన పావుగంట ఆ చీరలో ఉంది. మా కాలనీలో ఆ చీర ఇచ్చిన ఇల్లాలు దాన్ని విప్పి కూడా చూడలేదు.

పాత చొక్కాలు, ప్యాంట్ల మూటల్ని ఆయన పక్కకు జరిపాడు. “గివి సాంచాలు తుడ్వనీకి పనికస్తయ్ తియ్” అన్నాడు. అన్నాక నా ముఖం చూసి, “పనికి రావని కాదు బావా” అని సర్దాడు.

ఇక్కడితో బుద్ధి వచ్చి ఉంటే ఈ రాత సగంతో అయిపోయేది. కానీ బియ్యం బస్తాలున్నాయి కదా. బట్టల్లో జరిగిన పొరపాటు బియ్యంలో సరిదిద్దుకోవాలనే పట్టుదల వచ్చింది నాకు.

సిరిసిల్లలో ఎవరు బీదవాడో చెప్పడం పైకి కనిపించినంత సులువు కాదు. పైన సేట్లుంటారు. నూలు వాళ్ళది, తయారైన గుడ్డ వాళ్ళది, అమ్మకం వాళ్ళది. మధ్యలో ఆసాములు. వీళ్ళకు నాలుగో ఎనిమిదో సాంచాలుంటాయి, సేటు ఇచ్చిన నూలు బీములు తెచ్చుకుని మీటరుకు ఇంత అని నేసి ఇస్తారు. కింద కార్మికులు. సాంచాలు వాళ్ళవి కావు, నడిపిన దానికి కూలి, అది వారం వారం ముడుతుంది. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్కొక్కరు ఎనిమిది సాంచాల దాకా చూసుకోవాలి. వీళ్ళు కాక వార్పిన్లు నడిపేవాళ్ళు, పోగులు అతికేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, సాంచా చెడిపోతే బాగుచేసే జాబర్లు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినవాణ్ణి కనుక జాబితా నేనే తయారుచేస్తానన్నాను.

నా జాబితా నియమం సూటిగా ఉండేది: సాంచాలున్నవాడు ఉత్పత్తి సాధనాల యజమాని, వాడికి దానం అవసరం లేదు. ఆసాములందర్నీ కొట్టేశాను. మొట్టమొదట కొట్టేసిన పేరు మా బామ్మర్దిది. బంధుప్రీతి చూపించలేదని లోపల గర్వపడ్డాను కూడా.

ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. ఆయన ఎనిమిది సాంచాలూ ఆగి ఉన్నాయి. షెడ్డు కిరాయి ఆగలేదు, మిత్తి ఆగలేదు, సెస్సు బిల్లు ఆగలేదు. సెస్సు అంటే అక్కడి సహకార విద్యుత్ సంఘం, మన దేశంలో అట్లాంటివి చాలా అరుదు, సిరిసిల్లవాళ్ళకు దాని మీద ప్రేమా ఉంది, బిల్లు భయమూ ఉంది. పని లేనప్పుడు కార్మికుడు సంచి సర్దుకుని భివండీయో సూరతో పోగలడు, లేదంటే హమాలీకి పోగలడు. ఆసామి సాంచాలను భుజాన వేసుకుని ఎక్కడికి పోతాడు? అమ్ముదామంటే తుక్కు కింద కిలోల లెక్కన అడుగుతున్నారు. ఆ నెలల్లో ఆ ఇల్లు నడిచింది మా చెల్లె, అంటే ఆయన పెండ్లాం చుట్టే బీడీల మీద. ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ నాకు చాయ్ పెట్టి ఇచ్చిందామె. ఆ చాయ్ తాగుతూనే వాళ్ళ పేరు మీద గీత గీశాను. ఆయన ఏమీ అనలేదు. బస్తాలు మోసి కుల సంఘం భవనంలోకి చేర్చాడు.

పంపిణీ గురించి క్లుప్తంగా చెప్పి బయటపడతాను. ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద మా కాలనీ పేరు, పెద్దల ఫోటోలు, ఒక మూలగా నాది. మూలగా అన్నాను గానీ చిన్నదేం కాదు. ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు. కొంగు ముఖం మీదికి లాక్కుని నిలబడ్డారు. ఒక్కొక్కరికీ బస్తా ఇచ్చేటప్పుడు కెమెరా వైపు చూడమని చెప్తున్నాను. ఒక ముసలమ్మ బస్తా మీద చెయ్యి వేసి, “ఫోటో దిగకుంటె ఇయ్యవా బిడ్డా?” అని అడిగింది. వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. దాతలకు లెక్క చూపాలి అవ్వా అని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం వాట్సాప్ గ్రూపులో ఉంది.

మర్నాడు పొద్దున సుందరయ్య నగర్ వైపు నడుస్తూ ఉంటే ఒక కిరాణా కొట్టులో మా కాలనీ స్టిక్కరున్న బస్తాలు కనబడ్డాయి. ఒకటి కాదు, వరసగా. నా ఒళ్ళు మండిపోయింది. ఎవరమ్మారో కొట్టాయన చెప్పనన్నాడు. నేను ఊరుకోలేదు, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాను. పాతికేళ్ళుంటాయేమో. మా బామ్మర్ది షెడ్డులోనే పనిచేసేవాడు. పేదల పేరుతో పోగుచేసిన బియ్యాన్ని అమ్ముకోవడం తప్పు కాదా అని వీధిలో నిలబెట్టి అడిగాను.

అతను తల దించుకుని మెల్లగా చెప్పాడు. “బియ్యం రేషన్ల అస్తనే ఉన్నయ్ సారూ. రేషన్ల పైసలియ్యరు గదా.”

మనిషికి 6 కిలోల లెక్కన రేషన్ బియ్యం తెలంగాణలో వస్తూనే ఉంది. ఆ ఇంట్లో నలుగురు, 24 కిలోలు. అన్నం ఉంది. లేనిది పైసలు. ఫైనాన్సు వాళ్ళు వారం వారం వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారు, కిస్తీ కట్టిందాకా లేవరు. గ్యాసు బండ, ఇంటి కిరాయి, తల్లి దగ్గుకు మందులు. దూది నూగులో బతికిన ఊపిరితిత్తులకు ఆ ఊళ్ళో టీబీ కొత్త కాదు. ఆ కుర్రాడికి ఆ వారం కావలసింది బియ్యం కాదని, బియ్యంతో వచ్చే నాలుగు వందలో ఐదు వందలో అని అతను నాకు విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఒకే వస్తువు ఒక మోతాదు దాటాక దాని ప్రయోజనం తగ్గిపోతుందని మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి. మామిడిపండ్ల ఉదాహరణ చెప్పేవాణ్ణి. పిల్లలకు అర్థమయ్యేది.

ఆ కిరాణా కొట్టాయన గురించి ఒక మాట. నేను ఆయన్ని దొంగసరుకు కొనేవాడిలా చూశాను. తర్వాత బామ్మర్ది చెప్తే తెలిసింది, ఆ నెలల్లో ఆ గల్లీ మొత్తం ఆయన ఉద్దెర ఖాతా మీద బతికిందని. నూనె, పప్పు, సబ్బు, బీడీలు, పిల్లలకు బిస్కెట్లు, అన్నీ ఖాతాలోకే. వసూలవుతుందో లేదో తెలియని పుస్తకం. అట్లాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఉద్దెర సరుక్కి రూపాయో రెండో ఎక్కువ వేస్తాడని అందరికీ తెలుసు, వేస్తాడనే చెప్తారు, అయినా కోపం లేదు. చాయ్ హోటల్లో కూడా అంతే, గోడ మీద సుద్దతో లెక్క. కార్మికుడెవరన్నా పోతే ఆ వాడలో సాంచాలు బంద్ పెట్టి తలా ఇంత వేసుకుని దహనం ఖర్చు గడుపుతారు. ఎవరెంత వేశారో ఎవరూ చదివి వినిపించరు. ఊరు ఊరికి చేసుకునే ఈ సాయమంతా ఫ్లెక్సీ లేకుండా జరిగిపోతుంది కాబట్టి హైదరాబాద్ దాకా కనబడదు. నాకు అక్కడ పుట్టి కూడా కనబడలేదంటే అది వేరే జబ్బు.

కుట్టు మిషన్ల సంగతి కూడా చెప్పెయ్యనా? వద్దు, మూడు వాక్యాల్లో ముగిస్తాను. బీడీలు చుట్టడం ఆరోగ్యానికి చేటని ఉపన్యాసం ఇచ్చి కొన్ని ఇళ్ళకు కుట్టు మిషన్లు ఇప్పించాను. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు కంపెనీ పుస్తకంలో పేరుంటుంది, పీఎఫ్ ఉంటుంది, అర్హులైతే సర్కారు ఇచ్చే 2,016 రూపాయల జీవన భృతి ఉంటుంది, ఇవన్నీ వదులుకుని పక్కింటామె జాకెట్టు కుట్టి ఎంత సంపాదించాలో నేను లెక్క వెయ్యలేదు. మా చెల్లె ఇంట్లో ఆ మిషన్ మీద ఇప్పుడు టీవీ ఉంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ నవ్వుకోదగ్గవే. ఇప్పుడు చెప్పబోయేది నలుగురిలో చెప్పుకోలేక దాచుకున్నది.

నేను తిరిగి హైదరాబాద్ బయల్దేరుతుంటే బామ్మర్ది వ్యాను దాకా వచ్చాడు. “బావా, ఏమన్న చెయ్యాలనుంటె మాల్ కొను. ఎవలన్న కొంటె సాంచాలు నడుస్తయ్” అన్నాడు. సరేనన్నాను. వెంటనే అవకాశం కూడా వచ్చింది. మా అమ్మాయి గృహప్రవేశం. వచ్చిన ముత్తైదువలకు ఇవ్వడానికి కొన్ని వందల జాకెట్ ముక్కలు కావాలి. ఫోన్ చేశాను. ఆయన నూలు ధర, రంగు అద్దించే ఖర్చు అన్నీ కలిపి ముక్కకు ఇంత పడుతుందని చెప్పాడు.

నేను బేగంబజార్‌లో వాకబు చేశాను. అక్కడ ముక్కకు 5 రూపాయలు తక్కువ. అది పెద్ద ఆటోమేటిక్ మగ్గాల మీద, పెద్ద మొత్తంలో వచ్చే సరుకు, సిరిసిల్ల పాత సాదా సాంచాలు ఆ ధరతో పోటీ పడలేవు. ఆ ఊరి కష్టాలకు ఉన్న కారణాల్లో ఇదొకటని నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. అయినా ఫోన్ తీసి, “బయట ఇంకా తక్కువకే దొరుకుతోందిరా, చూడు” అన్నాను.

ఫోన్ అవతల కాసేపు మాట లేదు. “ఎంతకు గావాల్నో జెప్పు బావా” అన్నాడు.

5 రూపాయలు తగ్గించాడు. సరుకు గడువుకు వచ్చింది, అంచులు ఒక్కటి వంకర పోలేదు. బేరం కుదిర్చానని మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఆమె లెక్కలు బాగా గుర్తుపెట్టుకునే మనిషి. “అంతా కలిపి మిగిలింది, నువ్వు అక్కడ కట్టించిన ఫ్లెక్సీ ఖర్చంత లేదు” అంది.

అప్పుడైనా ఆ 5 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో నేను ఆలోచించలేదు. కొన్నాళ్ళకు మాటల్లో నేనే అడిగాను, నష్టమేమన్నా వచ్చిందా అని. బామ్మర్ది దాపరికం లేకుండా చెప్పాడు. నూలు ధర సేటు చెప్పినంత, అక్కడ తగ్గదు. రంగు అద్దేవాడు తగ్గించడు. సెస్సు బిల్లు తగ్గదు. వ్యాను కిరాయి తగ్గదు. తగ్గేది రెండే, తనకు మిగిలేదీ, సాంచా నడిపినవాడి కూలీ. తన మిగులు తీసేసినా చాలలేదు, మీటరు కూలిలో కాస్త కోశాడు. నడిపింది ఆ కుర్రాడే, నేను వీధిలో నిలబెట్టినవాడు. తిరగబడి అడగలేదా అన్నాను. “పని దొరికిందే సాలు అన్నడు” అన్నాడు.

అంటే బస్తా బియ్యం ఇచ్చి, ఫోటో తీసి, అమ్ముకున్నందుకు నిలదీసి, చివరికి అందులో కొంత కూలి రూపంలో వెనక్కి తీసుకున్నాను. పుణ్యం మాత్రం నా ఖాతాలోనే ఉంచుకున్నాను. ఇచ్చేటప్పుడు ఎంతకైనా సిద్ధం, కొనేటప్పుడు 5 రూపాయల దగ్గర ప్రాణం విలవిల్లాడింది. తేడా ఎక్కడుందా అని చాలాసార్లు ఆలోచించాను. ఇచ్చినప్పుడు ఎదుటివాడు నా దయ మీద ఉన్నాడు. కొన్నప్పుడు వాడు తన ధర చెప్తున్నాడు. అది నాకు మింగుడు పడలేదు.

తగ్గించిన సొమ్ము తిరిగి పంపిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “ధర మాట్లాడుకున్నం, మాల్ ఇచ్చిన, అయిపాయె. ఇప్పుడిస్తె అది ధర్మం పైసలైతయ్. మళ్ళ ఆర్డరుకు మంచిగ కట్టియ్యి.” మళ్ళీ ఆర్డరు ఇంకా ఇవ్వలేదు. మా ఇంట్లో మళ్ళీ శుభకార్యం రావాలి కదా అని సాకు చెప్పుకుంటున్నాను.

ఆర్థిక చరిత్ర పాఠంలో ఇంగ్లండులోని స్పీనమ్‌లాండ్ సంగతి చెప్పేవాణ్ణి. 1795లో రొట్టె ధర మండిపోతుంటే, కూలివాడి సంపాదన చాలనంత మేరకు ఊరి పేదల నిధి నుంచి భర్తీ చెయ్యాలని అక్కడి పెద్దలు తీర్మానించారు. దయగల పనే. అయితే పనిచ్చే యజమానులకు అది కలిసొచ్చిందని, లోటు ఎట్లాగూ ఊరు భరిస్తుంది కాబట్టి కూలి పెంచాల్సిన అవసరం పోయిందని విమర్శ ఉంది. ఆ విమర్శ ఎంతవరకు సరి అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారని, రెండు వైపులా రాస్తే మంచి మార్కులు పడతాయని పిల్లలకు చెప్పేవాణ్ణి. నా వరకు వాదన అక్కర్లేదు. నేనే రుజువుగా దొరికాను.

ఎట్లాగంటే, 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. నేను సిరిసిల్ల మూటలు కట్టే రోజుల్లోనే మా పనామె జీతం 500 పెంచమని అడిగింది. మూడేళ్ళుగా పెంచలేదు. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ఇప్పుడు నీకు బస్సు ఖర్చు మిగిలింది కదమ్మా.” ఆమె ఏమీ అనలేదు. ఒంగి మూట ముడి గట్టిగా బిగించింది. ప్రభుత్వం ఆమెకు ఇచ్చిన బస్సు చార్జీ నా జేబులో పడేటట్టు చూసుకున్నాను, అదీ నేతన్నను ఆదుకునే మూటలు ఆమె చేతే కట్టిస్తూ.

జాకెట్ ముక్కల సంగతి బయటపడ్డాక ఒకరోజు ఆమెను పిలిచి జీతం పెంచుతున్నానని చెప్పాను. 500 కాదు, వెయ్యి. ఆమె సంతోషపడి దండం పెడుతుందని లోపల ఎక్కడో ఎదురుచూశాను. ఇంత జరిగినా ఆ ఎదురుచూపు పోలేదు.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, “ఎప్పటి సంది సారూ? నేను అడిగిన నెల సంది లెక్కనా, ఇప్పటి సందేనా?” అంది.

ఇప్పటి నుంచి అన్నాను. మా ఆవిడ పేపరు దించి నా వంక చూసింది. సరే, అడిగిన నెల నుంచే అన్నాను. నెలకు రెండు ఆదివారాలు సెలవు కావాలన్న మాట కూడా ఆమె అప్పుడే ఎత్తింది. దాని మీద మాత్రం ఇంకా బేరం నడుస్తోంది.